మన నీళ్ళ పేరుతో వాళ్ళ ఇళ్ళు

(మాడుగులపల్లిలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు చాలావరకు అలాగే ఉంచి, తర్వాత చర్చలో వచ్చిన కొన్ని విషయాలు చేర్చాం.)



నన్ను పిలిచినవాళ్ళు "పట్టణాభివృద్ధి - స్త్రీలు" అనే విషయం మీద మాట్లాడమన్నారు. మాడుగులపల్లిలో కూర్చుని హైదరాబాదు బస్తీల గురించీ, జోన్ల గురించీ, మాస్టర్ ప్లాన్ల గురించీ మాట్లాడటం ఏమిటని మొదట నాకే అనిపించింది. ఇక్కడి సమస్యలు వేరు. కాలువ చివరి పొలాలకు నీళ్ళు అందకపోవడం, నాటు కూలి, మిర్యాలగూడ మిల్లుల్లో పని, ఊరు మధ్య నుంచి పోయే అద్దంకి రోడ్డు దాటలేక పడే అవస్థ. అయితే పొద్దున టీలు తాగుతూ మీతో మాట్లాడుతుంటే ఒకామె అన్నది, "మా చెల్లె చాదర్‌ఘాట్ల ఉంటది మేడం, మూసీ పక్కన. ఇల్లు ఉంటదో పోతదో తెల్వకుంట ఉన్నది" అని. ఆ పక్కనే కూర్చున్న ఇంకొకామె, "మూసీ బాగుపడితే మంచిదే గద, ఆ కంపు నీళ్ళల్ల నాటేసేటోళ్ళ బాధ మనకు తెల్వదా" అన్నది. ఇద్దరూ ఒకరి మాట ఒకరు కాదనలేదు. కాస్త ఇబ్బందిగా నవ్వుకుని ఊరుకున్నారు. నేను మాట్లాడదలచుకున్నది ఆ ఇబ్బంది గురించే.

మూసీ మనకు పరాయి నది కాదు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు నడిమధ్య నుంచి పారి, భువనగిరి, వలిగొండ దాటి, సూర్యాపేట దగ్గర 1963లో పూర్తయిన ప్రాజెక్టులో కాసేపు ఆగి, చివరికి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నగరంలోకి పోయే మూసీ వేరు, నగరం నుంచి బయటికొచ్చే మూసీ వేరు. బయటికొచ్చే దానితో బతికేది నల్గొండ, భువనగిరి, సూర్యాపేట జిల్లాలవాళ్ళు. అందులోనూ ఆ నీళ్ళలో గంటల తరబడి మోకాళ్ళ లోతున నిలబడేది ఎక్కువగా స్త్రీలు. నాట్లు వేసేది, కలుపు తీసేది మనమే కదా. కాళ్ళ మీద దురదలు, పుండ్లు, గోళ్ళు పాడవడం, వీటిని జబ్బులని కూడా ఎవరూ లెక్కపెట్టరు.

కాబట్టి మూసీ శుభ్రపడాలన్న కోరిక మనది. అది న్యాయమైన కోరిక. ఈ కోరికను ఎవరు ఎందుకు వాడుకుంటున్నారన్నది వేరే ప్రశ్న. 2024 నవంబరు 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వలిగొండ మండలం సంగెం దగ్గర మూసీ వెంట పాదయాత్ర చేశారు. నల్గొండ జనం ఎన్నాళ్ళు ఈ విషం భరించాలి అన్నది ఆ యాత్ర సారాంశం. అప్పటికి అయిదారు వారాల ముందే, అదే నది ఒడ్డున, చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్‌లో, శంకర్‌నగర్‌లో ఇళ్ళు కూల్చడం మొదలైంది. మన కష్టాన్ని చూపించి అక్కడ ఇల్లు తీశారు. ఈ రెంటికీ ఉన్న లంకె ఏమిటో మనం అడగాలి.

లెక్కతో మొదలుపెడదాం. 2021లో రాష్ట్ర ప్రభుత్వం కొత్త మురుగు శుద్ధి కేంద్రాలు మంజూరు చేసేటప్పుడు తనే చెప్పిన లెక్క ఇది. హైదరాబాదు కార్పొరేషన్ పరిధిలో రోజుకు 1,650 మిలియన్ లీటర్ల మురుగు పుడుతోంది. అప్పటికి ఉన్న కేంద్రాలు శుద్ధి చేయగలిగింది 772 మిలియన్ లీటర్లు. సగం కూడా కాదు. మిగతాది నాలాల్లోంచి చెరువుల్లోకీ, మూసీలోకీ. అందుకే 1,259 మిలియన్ లీటర్ల సామర్థ్యంతో మరో 31 కేంద్రాలకు 3,866 కోట్లు మంజూరు చేశారు. దీనికి తోడు పరిశ్రమల వ్యర్థాలు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీళ్ళను గొట్టం వేసి మరీ, మూసీ పక్కన ఉన్న అంబర్‌పేట శుద్ధి కేంద్రం దాకా తెచ్చారు. ఇప్పుడు చెప్పండి, నల్లా దగ్గర బిందెలు వరుస పెట్టి నీళ్ళు పట్టుకునే బస్తీ ఇంటి నుంచి ఎంత మురుగు వస్తుంది? అపార్ట్‌మెంట్లోని మూడు బాత్రూముల నుంచి ఎంత వస్తుంది? బస్తీలన్నీ రేపు పొద్దుటికి మాయమైనా సంగెం దగ్గర నురగ తగ్గదు. నది మురికి కావడానికీ, నది పక్కన పేదవాళ్ళు ఉండటానికీ కారణం ఒకటి కాదు. కళ్ళకు రెండూ ఒకేచోట కనపడతాయి, అంతే.

ఆ ఒడ్డు చరిత్ర కొంచెం చెప్పాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది చనిపోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభైమంది దాకా బతికారని చెప్తారు. ఆ చెట్టు ఇంకా ఉంది, వెళ్ళినప్పుడు చూడండి. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు బస్తీలు తీసేయడం, రోడ్లు వెడల్పు చేయడం, ఇళ్ళు కట్టడం దాని పని. బస్తీని తీసేయడమే బాగుచేయడం అనే ఆలోచన మన నగరానికి అప్పటి నుంచీ ఉన్నదే. 1990ల చివర్లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం "నందనవనం" పేరుతో మూసీని సుందరంగా చేస్తామంది. కొందరిని కర్మన్‌ఘాట్ వైపు కట్టిన కాలనీకి పంపింది. పేరు ఎంత అందంగా ఉందో చూడండి. నందనవనంలో ఇళ్ళ పనికి పోయే ఆడవాళ్ళకు చోటు ఎక్కడుంటుంది? 2017లో మూసీ రివర్‌ఫ్రంట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ వచ్చింది. 2024లో యాభై అయిదు కిలోమీటర్ల పొడవున నదిని పునరుజ్జీవింపజేస్తామన్నారు. పార్టీలు మారాయి, పేర్లు మారాయి. ఒడ్డున ఉన్నవాళ్ళు మాత్రం ప్రతిసారీ అడ్డుగానే కనపడ్డారు.

2024 సెప్టెంబరు చివర్లో అధికారులు వచ్చి గోడల మీద ఎర్ర రంగుతో ఇంగ్లీషు అక్షరాలు రాశారు. ఆర్‌బీ-ఎక్స్. ఆర్‌బీ అంటే నదీగర్భం. నదీగర్భంలోనూ దాని పక్కన వదలాల్సిన జాగాలోనూ కలిపి పదివేలకు పైగా ఇళ్ళున్నాయని ప్రభుత్వం చెప్పింది. ఆ అక్షరాలకు అర్థం ఏమిటని ఒక ముసలామె నన్ను అడిగింది. చెప్పాను. "గర్భంల ఉన్నమా మేము? నేను ఈడికి వచ్చి నలుగురిని కన్న" అన్నది. ఆమె హాస్యానికే అన్నది. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు ఈ గీత సంగతి. నగర ప్రణాళికలో అన్నిటికన్నా బలమైనది బుల్‌డోజర్ కాదు, మ్యాపు మీద గీత. 2012లో వచ్చిన జీవో 168, భవన నిర్మాణ నియమాలు, ఏం చెప్తుందంటే మున్సిపల్ పరిధిలో నది హద్దు నుంచి 50 మీటర్ల లోపల, పరిధి బయట 100 మీటర్ల లోపల కట్టడాలు ఉండకూడదు. హద్దు ఎక్కడో తేల్చేది నీటిపారుదల, రెవెన్యూ శాఖలు. ఒడ్డు బస్తీల్లో చాలా ఇళ్ళు ఆ జీవో కన్నా ముప్ఫై నలభై ఏళ్ళు పెద్దవి. వాటికి కరెంటు మీటరు ఇచ్చింది ప్రభుత్వమే, నల్లా ఇచ్చింది ప్రభుత్వమే, ఓటు అడిగింది అన్ని పార్టీలూ. ఇల్లు ముందు, గీత తర్వాత. అయినా ఆక్రమణదారు అన్న పేరు ఇంటికే వచ్చింది.

నియమం తప్పు అని నేను అనడం లేదు. నదికి చోటు వదలాలి. వరద వస్తే నిజంగా ప్రాణాలు పోతాయి. కానీ గీత అందరికీ ఒకేలా ఉందా అన్నది చూడాలి. ఎగువన ఉన్న జంట జలాశయాలను కాపాడటానికి 1996 మార్చిలో జీవో 111 తెచ్చారు. చుట్టూ పది కిలోమీటర్ల వరకు, 84 గ్రామాల్లో, పెద్ద కట్టడాలకు ఆంక్షలు. అక్కడ భూముల ధరలు పెరుగుతూ పోయాయి. 2022 ఏప్రిల్‌లో జీవో 69 తెచ్చి ఆ ఆంక్షలు సడలించారు, 2023 మేలో జీవో 111ను ఎత్తేస్తున్నట్టు అప్పటి మంత్రివర్గం ప్రకటించింది. అంటే నది మొదట్లో, భూమి ఖరీదైన చోట, గీత వెనక్కి జరుగుతుంది. నది మధ్యలో, మనిషి చవకైన చోట, అదే గీత ముందుకొస్తుంది.

ఇంకో ఉదాహరణ మీ అందరికీ తెలిసిందే. మీరు మిర్యాలగూడ బస్సెక్కి హైదరాబాదు పోతే ఎక్కడ దిగుతారు? ఇమ్లీబన్‌లో. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్. అది ఎక్కడ ఉంది? మూసీలో. పక్కన కాదు, నది పాయల మధ్యనే. దాన్ని ఆనుకుని మెట్రో స్టేషన్ కూడా వచ్చింది. 2025 సెప్టెంబరు 26 రాత్రి జంట జలాశయాల గేట్లు ఎత్తితే ఆ బస్‌స్టేషన్ మొత్తం నీళ్ళలో మునిగింది. ప్రయాణికులు చిక్కుకుపోయారు, బస్సులు వేరే చోట్ల నుంచి నడిపారు. అదే రాత్రి మూసానగర్‌లోకీ నీళ్ళొచ్చాయి, జనాన్ని ఖాళీ చేయించారు. వరద రెంటినీ ఒకేలా ముంచింది. మరి ఆర్‌బీ-ఎక్స్ అని ఒకదాని గోడ మీదే ఎందుకు రాశారు?

బస్‌స్టేషన్ తీసేయాలని కాదు నా మాట. అంత పెద్ద కట్టడాన్ని వరద నుంచి ఎలా కాపాడాలో ఇంజనీర్లు కూర్చుని ఆలోచిస్తారు. బస్తీ గురించి అలా ఆలోచించడానికి ఒక్క పూట కేటాయించరు.

ఇక స్త్రీల విషయం. ఇప్పటిదాకా చెప్పింది ఆడా మగా అందరికీ వర్తించేదే కదా, ఇందులో స్త్రీల ప్రశ్న ఏమిటి అని అడిగే మిత్రులున్నారు. సర్వే పుస్తకంలో ఇల్లు అంటే ఒక కట్టడం. ఇన్ని గజాలు, గోడ ఇటుకదా, పైన రేకా స్లాబా, యజమాని పేరు. ఆ బస్తీల్లో నేను తిరిగినంతలో చూసిన ఇల్లు అది కాదు. పొద్దున నాలుగిళ్ళలో గిన్నెలు తోమి పది గంటలకు వచ్చేస్తుంది ఒకామె. ఎందుకంటే ఆ ఇళ్ళు నడిచిపోయేంత దూరంలో మలక్‌పేటలో ఉన్నాయి. మధ్యాహ్నం గడపలో కూర్చుని మలక్‌పేట గంజి నుంచి తెచ్చిన వెల్లుల్లి పొట్టు తీస్తుంది, లేదా గాజులకు రాళ్ళు అంటిస్తుంది. మగ్గం చెక్క మీద జర్దోజీ పని చేసే ముస్లిం స్త్రీలకైతే ఆ గదే కార్ఖానా. చంటిపిల్లను చూసేది పక్కింటి ముసలమ్మ. నెలాఖరున బియ్యం అరువిచ్చేది వీధి మలుపులోని కిరాణా. భర్త తాగొచ్చి కొడితే అరుపు విని వచ్చేది గోడ అవతలామె. మనం సంఘాలు పెట్టి ఏళ్ళ తరబడి కట్టడానికి ప్రయత్నించేది ఏమిటి, సరిగ్గా ఇదే కదా. ఇవన్నీ కలిసి ఒక ఇల్లు. దీన్ని రెండు పడకగదుల కొత్త ఫ్లాటుతో కొలిస్తే ఫ్లాటు పెద్దదిగానే కనపడుతుంది.

నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ ఇళ్ళను నేను అందంగా వర్ణించి వదిలేస్తే తప్పు. వాన పడితే పిల్లల్ని మంచం మీదికి ఎక్కించి రాత్రంతా నిద్ర లేకుండా కూర్చునేది ఆ స్త్రీలే. మరుగుదొడ్డి సరిగ్గా లేక చీకటి కోసం ఎదురుచూసిన రోజులు వాళ్ళకు గుర్తున్నాయి. మొదటి దఫాలో కొందరికి మలక్‌పేట పిల్లిగుడిసెల దగ్గరి డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళిచ్చారు. అది దగ్గరే. పని పోలేదు, బడి పోలేదు. అక్కడికి వెళ్ళిన స్త్రీ ఒకామె తలుపు, గడియ, కుళాయి చూపించి ఎంత సంబరపడిందో! ఆ సంబరాన్ని చిన్నచూపు చూసే హక్కు నాకు లేదు. వెళ్ళమని మొండికేసినవాళ్ళూ, వెళ్తాం గానీ దగ్గర్లోనే ఇవ్వండి అన్నవాళ్ళూ, ఎప్పుడెప్పుడు వెళ్దామా అన్నవాళ్ళూ ఒకే గల్లీలో కనిపించారు. వాళ్ళను ఎవరూ అడగలేదన్నదే అందరి ఫిర్యాదూ.

దగ్గర్లో ఎన్ని ఇళ్ళున్నాయి? కొన్నే. పెద్ద సంఖ్యలో కట్టినవి నగరం చివర్లలో ఉన్నాయి. 2023 జూన్‌లో ప్రారంభించిన కొల్లూరు సముదాయంలో 15,660 ఇళ్ళున్నాయి, అది సంగారెడ్డి జిల్లా. చాదర్‌ఘాట్‌లో పొద్దున ఆరుకు పనికి పోయే మనిషి కొల్లూరు నుంచి ఎప్పుడు బయల్దేరాలి? అహ్మదాబాదులో సబర్మతి ఒడ్డున ఇదే చేశారు. పదివేలకు పైగా కుటుంబాలను లేపి, చాలామందిని నగరం అంచులకు పంపారు. సబర్మతి ఒడ్డు ఫొటోల్లో చాలా బాగుంటుంది. 2024 అక్టోబరులో మన మంత్రులు, విలేకరులు దక్షిణ కొరియా వెళ్ళి సియోల్‌లో చాంగ్‌గేచాన్ వాగు చూసొచ్చారు. దాన్ని 2003 నుంచి 2005 దాకా తవ్వి బాగుచేసినప్పుడు అక్కడి వీధి వ్యాపారులు ఒక పాత స్టేడియంలోకి పోవాల్సి వచ్చింది, తర్వాత అక్కడి నుంచీ లేవాల్సి వచ్చింది. ఆ సంగతి కూడా చూసొచ్చారేమో, నేనైతే ఎక్కడా చదవలేదు.

ఇప్పుడు చట్టం దగ్గరికొద్దాం. కార్యకర్తలుగా మనకు పనికొచ్చేది ఇదే కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు, బతుకుదెరువు హక్కు జీవించే హక్కులో భాగమని చెప్పింది. బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద ఉన్నవాళ్ళ కేసు అది. నోటీసు ఇవ్వకుండా తీసేయరాదంది, కానీ అసలు తీసేయరాదనలేదు. 2024 నవంబరు 13న అదే సుప్రీంకోర్టు బుల్‌డోజర్ల మీద గట్టి తీర్పు ఇచ్చింది. కూల్చే ముందు పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి, జవాబు వినాలి. ఆ తీర్పు వచ్చిన రోజు మనమంతా సంతోషించాం. కానీ అందులో ఒక మినహాయింపు ఉంది. రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క, నది, చెరువు లాంటి చోట్ల ఉన్న అక్రమ కట్టడాలకు ఆ రక్షణ వర్తించదు. పేదవాళ్ళు ఎక్కడుంటారు? సరిగ్గా ఆ చోట్లనే. ఆ నెలలోనే మన హైకోర్టు మూసీ కేసుల్లో, ఆక్రమణలు తొలగించవచ్చు గానీ అక్కడివాళ్ళ సామాజిక, ఆర్థిక సర్వే చేసి వేరే వసతి చూపాలని, పట్టా భూములైతే 2013 చట్టం ప్రకారం సేకరించాలని చెప్పింది. ఆ సర్వే అన్న మాట మనం గట్టిగా పట్టుకోవాలి.

2013 భూసేకరణ చట్టం ఉద్యమాలు తెచ్చిన చట్టం. అందులో మనకు చాలా విలువైన మాటలున్నాయి. వితంతువులు, విడాకులు తీసుకున్నవాళ్ళు, కుటుంబం వదిలేసిన స్త్రీలు ఒక్కొక్కరూ వేరే కుటుంబం కింద లెక్క. పెళ్ళయినా కాకపోయినా వయసొచ్చిన మనిషి, ఆడైనా మగైనా, వేరే కుటుంబమే. పట్టణంలో ఒక చోట మూడేళ్ళుగా నివసిస్తున్న కుటుంబం బాధిత కుటుంబమే. అందులో "నివసిస్తున్న" అని ఉంది, "యజమాని" అని లేదు. కిరాయిదార్ల తరఫున వాదించడానికి నాకు అంతకన్నా మంచి మాట కనపడలేదు. పట్టణంలో ఇల్లు పోతే ఇచ్చే ఇల్లు 50 చదరపు మీటర్లకు తగ్గరాదు. భార్యాభర్తల ఉమ్మడి పేరు మీద ఇవ్వవచ్చు.

మరి మూసీ ఒడ్డున ఇవన్నీ ఎందుకు అడగలేకపోయాం? ఎందుకంటే అక్కడ జరిగేది భూసేకరణ కాదు, ఆక్రమణ తొలగింపు అన్నారు. పేరు మారిస్తే చట్టం మారిపోతుంది. ఇచ్చే ఇల్లు హక్కు కాదు, దయ అవుతుంది. పైగా మన రాష్ట్రంలో 2017లో అమల్లోకి వచ్చిన సవరణ, మౌలిక సదుపాయాల ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయించే వీలు ప్రభుత్వానికి ఇచ్చింది. ఈ ఇల్లు పోతే ఎవరి పని పోతుంది, ఎవరి పిల్ల బడి మానేస్తుంది, ఈ ప్రశ్నలు అడిగే ఒకే ఒక్క ఘట్టం అది. దాన్నే వదిలేయవచ్చన్నారు.

దయ కింద ఇచ్చినప్పుడు ఎవరు రాలిపోతారో చూడండి. ఒక కట్టడానికి ఒక ఇల్లు అంటారు. ఆ కట్టడంలో కింద అత్త, పైన కోడలు, పక్క గదిలో మొగుడు వదిలేసి వచ్చిన ఆడబిడ్డ, వెనక గదిలో కిరాయికి ఉన్న నల్గొండ మనిషి. ముగ్గురు స్త్రీల గురించి ఒక తలుపు దగ్గర ఒక్క మగాడిని అడిగి రాసుకుని పోతారు. డబుల్ బెడ్‌రూమ్ పట్టా స్త్రీ పేరు మీద ఇస్తారన్నది నిజమే, మంచిదే, దానికోసం మహిళా ఉద్యమాలు పోరాడాయి. కానీ ఏ స్త్రీ? యజమాని భార్య. ఆడబిడ్డ సర్వేలో లేదు. కిరాయి మనిషి అసలే లేదు. నిర్వాసిత స్త్రీలతో స్వయం సహాయక సంఘాలు కట్టించి రెండేసి లక్షలు ఇచ్చారు, కొంత సబ్సిడీ, కొంత అప్పు. కాదనను. కానీ పాత గల్లీలో వాళ్ళు ఇరవై ఏళ్ళుగా నడుపుకున్న చిట్టీలు, చేబదుళ్ళు చెదిరిపోయాక కొత్తగా గ్రూపు కట్టించి అప్పు ఇవ్వడాన్ని సాధికారత అంటే నాకు మింగుడు పడదు.

మళ్ళీ మన ఇబ్బంది దగ్గరికి వస్తాను. దిగువన ఉన్న స్త్రీకి శుభ్రమైన నీళ్ళు కావాలి. ఒడ్డున ఉన్న స్త్రీకి ఇల్లు కావాలి. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు అని మనకు చెప్తున్నారు. మురుగు లెక్క చూశాక అది అబద్ధమని తెలుస్తుంది. అయినా ఆ అబద్ధం మనకు సులువుగా ఎక్కుతుంది, ఎందుకంటే ఎవరో దూరంగా ఉన్నవాళ్ళు ఖాళీ చేస్తే మనకు నీళ్ళొస్తాయన్న కథ మనకు కొత్త కాదు. మన పొలాలకు సాగర్ ఎడమ కాలువ నీళ్ళొచ్చాయి. నాగార్జునకొండ లోయలో ఊళ్ళు మునిగాయి. ఆ ఊళ్ళ ఆడవాళ్ళు ఎక్కడికి పోయారో, వాళ్ళ పసుపు కుంకాల కింద ఇచ్చిన భూమికి ఏ పరిహారం దక్కిందో మన తాతలు అడగలేదు, మన అమ్మమ్మలు అడగలేదు. 1955లో శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట మీద పాఠాలు చదువుకున్న నేనూ చాలా ఏళ్ళదాకా అడగలేదు.

చర్చలో ఒక చెల్లి, "మనకేం మేడం, మనకు బస్తీలు లేవు గద" అన్నది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ పెరుగుతున్న పట్టణాలు. మాస్టర్ ప్లాన్ అనే మ్యాపు పట్టణాలన్నిటికీ వస్తుంది. రోడ్డు వెడల్పు వంద అడుగులు అని రాస్తే ముందు పోయేది రోడ్డు వారన ఇడ్లీ బండి, కూరగాయల గంప, పూలమ్మే ఆమె కూర్చునే అరుగు. ముసాయిదా మ్యాపును మున్సిపల్ ఆఫీసులో పెట్టి అభ్యంతరాలు అడుగుతారు, గడువు ఉంటుంది. ఆ గడువులో అక్కడికి పోయి మ్యాపు చూసేది ఎవరు? రియల్ ఎస్టేట్ వాళ్ళు, మగ నాయకులు. ఈసారి ముసాయిదా పెడితే ఒక్క సంఘం నుంచి అయిదుగురు పోండి. మ్యాపు అర్థం కాకపోతే "మా బజారు ఇందులో ఎక్కడుందో చూపించండి" అని అడగండి. చూపించాల్సిన బాధ్యత వాళ్ళది. అడిగిన మాట కాగితం మీద రాసి ఇచ్చి ముద్ర వేయించుకోండి.

ఇక చివరి విషయం, ఇది పనికి సంబంధించినది. మూడేళ్ళ నివాసం రుజువు చేయడానికి స్త్రీల దగ్గర కాగితాలు ఉండవని అధికారులు అంటారు. కరెంటు మీటరు మొగుడి పేరు మీద, కిరాయి అయితే ఓనరు పేరు మీద ఉంటుంది. నోటరీ కాగితం మామ పేరు మీద ఉంటుంది. నేను బస్తీలో ట్రంకు పెట్టెలు తెరిపించి చూస్తే తేలింది ఏమిటంటే ఆమె పేరు ఉన్న కాగితాలు వేరే రకం. పిల్లల టీకాల కార్డు. ప్రసవం అయిన ఆసుపత్రి చీటీ. గ్యాసు పుస్తకం. సంఘం పాసుబుక్కు. బడిలో పిల్లను చేర్చినప్పుడు తల్లి సంతకం పెట్టిన ఫారం. అన్నిటి మీదా తారీఖు ఉంటుంది, చాలావాటి మీద అడ్రసు ఉంటుంది. టీకాల కార్డును ఇంటి రుజువుగా తీసుకోవాలని ఇంతవరకు ఎవరూ గట్టిగా అడగలేదు. అడుగుదాం.

ఇక్కడ ఒక నోటు పుస్తకం పెట్టాను. మీ చెల్లెళ్ళు, బిడ్డలు, మరదళ్ళు ఎవరైనా హైదరాబాదులో మూసీ వారన ఉంటే, సొంతిల్లైనా కిరాయి గదైనా, ఏ బస్తీయో, ఏ ఏడు పోయారో రాయండి. వాళ్ళు ఊరికి పంపిన ఉత్తరం గానీ, పెళ్ళి పత్రిక గానీ ఆ అడ్రసుతో మీ ఇంట్లో ఉంటే దాన్ని పారేయకండి. మూసానగర్‌లో మాట్లాడాల్సినవాళ్ళ దగ్గరికి నేను వచ్చే వారం పోతున్నాను. పొద్దున చెల్లె గురించి చెప్పిన అక్క మొదట రాస్తానన్నది.